కరెంటు బిల్లులో సుంకం చూశాక అడుగుతున్నాను: వ్యాపారి రాష్ట్ర రాజకీయాలకు దూరంగా ఉండటం ఇంకా తెలివైన పనేనా?

మౌల్డింగ్‌షెడ్_బెజవాడ
విజయవాడ ఆటోనగర్‌లో నాకు చిన్న ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్ ఉంది. రెండు ఇంజెక్షన్ మెషిన్లు, ఒక చిల్లర్, ఏడుగురు పనివాళ్ళు. నెలకు సుమారు 18,000 యూనిట్ల కరెంటు కాలుతుంది. నిన్న పాత బిల్లులు ఫైలు చేస్తూ 2022 మార్చి బిల్లునూ, అదే ఏడాది జూన్ బిల్లునూ పక్కపక్కన పెట్టి చూశాను. విద్యుత్ సుంకం అనే గడిలో మొదటి దానిలో 1,080 రూపాయలు, రెండో దానిలో 18,000 రూపాయలు ఉన్నాయి. యూనిట్‌కు 6 పైసలుగా ఉన్న సుంకాన్ని ఆ ఏప్రిల్‌లో పరిశ్రమలకూ వ్యాపార కనెక్షన్లకూ రూపాయి చేశారు. పవర్ హాలిడే పెట్టి, ఆపకుండా నడవవలసిన పరిశ్రమలను సగం కరెంటుతో సరిపెట్టుకోమన్నదీ ఆ నెలలోనే. ఏడాదికి లెక్క వేస్తే ఈ ఒక్క గడి వల్ల నా మీద పడిన అదనపు భారం 2,03,040 రూపాయలు. అది ఒక పనివాడి ఏడాది జీతం.

నా బాధ డబ్బు గురించి మాత్రమే కాదు. ఆ పెంపు సంగతి నాకు బిల్లు చేతికి వచ్చాక తెలిసింది. మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఆ వార్త నలభై సార్లు ఫార్వర్డ్ అయింది గానీ, ఎమ్మెల్యే గడప తొక్కినవాడు ఒక్కడూ లేడు, నేనూ తొక్కలేదు. ‘కాటా దగ్గర కూర్చున్నవాడు కండువా వేసుకోకూడదు’ అని మా నాన్నగారు అనేవారు. ఆ మాటను ఇన్నాళ్ళూ వేదంలా పట్టుకున్నాను. అది మనల్ని కాపాడిందా, మూగవాళ్ళను చేసిందా అన్నది ఇప్పుడు నా ప్రశ్న.

తెనాలి_బట్టలకొట్టు
మీ నాన్నగారు చెప్పిందే సరైనది. మా నాన్నగారు ఆ మాట వినలేదు కాబట్టి నాకు తెలుసు. ఒకసారి మున్సిపల్ ఎన్నికల్లో స్నేహితుడి కోసం కొట్టు ముందు ఒక పార్టీ జెండా కట్టారు. స్నేహితుడు ఓడిపోయాడు. ఆ తరువాతి శ్రావణమాసంలో, మా దగ్గర తరతరాలుగా పెళ్ళి బట్టలు తీసుకునే రెండు వీధుల వాళ్ళు మా కొట్టు ముందు నుంచే నడిచి వెళ్ళి పక్క కొట్టులో కొన్నారు. నేను అప్పుడు పదో తరగతి, గల్లాపెట్టె దగ్గర కూర్చుని చూశాను. నెల తిరక్కుండా కొలత టేపుతో మనుషులు వచ్చి, ముప్ఫై ఏళ్ళుగా కాలువ మీద ఉన్న మా అరుగు ఆక్రమణ అని పగలగొట్టించారు. పక్కవాడి అరుగు ఇప్పటికీ ఉంది. జెండా కట్టడానికి ఖర్చు నలభై రూపాయలు, విప్పడానికి అయిన ఖర్చు ఎంతో మా కుటుంబానికి తెలుసు.

రైస్‌మిల్లు_మిర్యాలగూడ
వ్యాపారులు రాజకీయాల్లో లేరని ఎవరన్నారో నాకు అర్థం కాలేదు. మన రెండు అసెంబ్లీల్లో కలిపి 294 సీట్లు ఉన్నాయి. అఫిడవిట్లు తీసి వృత్తి అన్న గడి చదవండి. వ్యాపారం, కాంట్రాక్టులు, రియల్ ఎస్టేట్, విద్యాసంస్థలు అని రాసుకున్నవాళ్ళు ఎంతమంది కనిపిస్తారో చూడండి. 1992లో హెరిటేజ్ సంస్థను స్థాపించినవారే ఇప్పుడు ఆంధ్ర ముఖ్యమంత్రి. పారిశ్రామికవేత్త గల్లా జయదేవ్ గారు పదేళ్ళు గుంటూరు ఎంపీగా ఉన్నారు. కాబట్టి వ్యాపారి రావాలా వద్దా అని అడగకండి, వచ్చిన వ్యాపారి ఎవరి పని చేస్తున్నాడు అని అడగండి.

మౌల్డింగ్‌షెడ్_బెజవాడ
రైస్‌మిల్లు అన్నా, మీరు చెప్పినవాళ్ళు పెద్దవాళ్ళు. వాళ్ళకు సచివాలయంలో తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. నేను అడుగుతున్నది ఏడుగురు పనివాళ్ళున్న వాడి గురించి.

లెక్కలపుస్తకం
నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ను. పాతికేళ్ళుగా ఇలాంటి చిన్న యూనిట్ల లెక్కలు చూస్తున్నాను. నా దగ్గరకు వచ్చే ప్రతి వ్యాపారీ ఢిల్లీ బడ్జెట్ ప్రసంగాన్ని టీవీ ముందు కూర్చుని పూర్తిగా వింటాడు గానీ, రాష్ట్ర బడ్జెట్ ఏ రోజు పెట్టారో కూడా చెప్పలేడు. అతని రోజువారీ బతుకును నిర్ణయించేవి మాత్రం ఎక్కువగా రాష్ట్రం చేతిలోనే ఉన్నాయి. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లోని రాష్ట్ర జాబితా తీసి చూడండి: భూమి, రాష్ట్రం లోపలి వర్తకం, మార్కెట్లు, వృత్తిపన్ను అన్నీ అక్కడే ఉన్నాయి. మౌల్డింగ్‌షెడ్ గారిని ఏడిపించిన విద్యుత్ సుంకం కూడా ఆ జాబితాలోనే 53వ అంశం. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ, ట్రేడ్ లైసెన్సు, తూనికలు కొలతల తనిఖీ ఇవన్నీ రాష్ట్ర శాఖలవి లేదా స్థానిక సంస్థలవి. జీఎస్‌టీ ఢిల్లీదే అనుకుంటారు గానీ, జీఎస్‌టీ మండలిలో మన రాష్ట్ర మంత్రికీ ఓటు ఉంది. ఆ ఓటు ఎటు వేయాలో ఆయనకు చెప్పినవాడు మనలో ఎవరైనా ఉన్నాడా?

ఇంకొక మాట. చాలామందికి రాజకీయాల్లో పాల్గొనడం అంటే చందా ఇవ్వడమే. చందాకు కూడా చట్టం ఉంది. కంపెనీ అయితే కంపెనీల చట్టం 182వ సెక్షన్ కింద బోర్డు తీర్మానం చేయాలి, స్థాపించి మూడేళ్ళు నిండాలి, నగదు పనికిరాదు. 2024 ఫిబ్రవరి 15న ఎలక్టోరల్ బాండ్లను సుప్రీంకోర్టు కొట్టివేసినప్పుడు, కంపెనీ ఇచ్చే చందా సగటు లాభంలో 7.5 శాతం దాటకూడదన్న పాత పరిమితి కూడా తిరిగి వచ్చింది. అయితే నా క్లయింట్లలో ఎవరూ ఆ సెక్షన్ కింద ఇవ్వరు. వినాయక చవితి పందిరి పేరుతో ఇస్తారు.

తెనాలి_బట్టలకొట్టు
దసరా పందిరిని మరిచిపోయారు.

జీడిమెట్ల_లేత్
మా దగ్గర అనుభవం కొంచెం వేరు. తెలంగాణలో 2014లో టీఎస్-ఐపాస్ చట్టం వచ్చింది. పెద్ద ప్రాజెక్టులకు 15 రోజుల్లో, మిగతావాటికి 30 రోజుల్లో అనుమతులు రావాలని గడువు పెట్టారు, గడువు దాటితే అనుమతి వచ్చినట్టే అన్నారు. నేను 2017లో కొత్త షెడ్ వేసినప్పుడు ఆ గడువులోపే కాగితం చేతికి వచ్చింది. అంతకు ముందు మా బావ షెడ్‌కు ఏడాదిన్నర పట్టింది. ఈ చట్టం ఊరికే ఆకాశం నుంచి పడలేదు. 2012లో పవర్ హాలిడేలతో జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి షెడ్లకు తాళాలు పడ్డప్పుడు, రోడ్డు మీదికి వచ్చి ధర్నా చేసినవాళ్ళు మా చిన్న యజమానులే. కొత్త రాష్ట్రం వచ్చాక ఏ ప్రభుత్వమూ ఆ దృశ్యాన్ని మళ్ళీ చూడాలని అనుకోలేదు. కండువా లేకుండా కూడా రాజకీయం చేయవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

పనివాడు_786
మీ అందరి మాటలూ చదివాక నవ్వు వచ్చింది. యజమానులకు రాష్ట్రంలో గొంతు లేదా? తెలంగాణలో పలు పరిశ్రమలకు కనీస వేతనాలు సవరిస్తూ 2021లో తీసిన జీవోలు గెజిట్‌లో అచ్చు కాకుండా ఏళ్ళ తరబడి ఎందుకు ఆగిపోయాయో ఎవరైనా చెబుతారా? గెజిట్‌లో అచ్చు కాకపోతే అవి చిత్తుకాగితాలతో సమానం. వాటిని ఆపమని ధర్నా చేసినవాడు ఎవరూ లేడు. గొంతు లేనివాడి పని అంత నిశ్శబ్దంగా జరగదు. సుంకం 94 పైసలు పెరిగితే ఇక్కడ ఇంత చర్చ నడుస్తోంది, మా కూలి పెరగకపోతే దానికి చర్చే ఉండదు.

జీడిమెట్ల_లేత్
తమ్ముడూ, నీ మాటలో నిజం ఉంది, కాదనను. అయితే ఆ జీవోలు ఆపించింది నాలాంటి పదిమంది పనివాళ్ళ షెడ్‌వాడు అని నువ్వు అనుకుంటే పొరబాటు. నన్ను ఎవరూ అడగలేదు, నేను ఎవరినీ అడగలేదు. మా పేరు మీద ఎవరో మాట్లాడి ఉంటారు. మేము నోరు మూసుకుని కూర్చుంటే జరిగే నష్టాల్లో అదీ ఒకటి.

ఎర్నాకుళం_తెలుగువాడు
నేను పదకొండేళ్ళుగా కేరళలో ఉంటున్నాను. ఈ ప్రశ్నకు ఇక్కడ ఒక యజమాని చాలా దూరం వెళ్ళి జవాబు చెప్పాడు. కొచ్చి పక్కన కిళక్కంబలం అనే పంచాయతీలో కైటెక్స్ అనే దుస్తుల కంపెనీ ఉంది. కాలుష్యం ఆరోపణల మీద పంచాయతీతో గొడవ ముదిరాక, దాని అధిపతి సాబు జాకబ్ 2013లో ట్వంటీ20 అనే సంస్థను మొదలుపెట్టారు. 2015 స్థానిక ఎన్నికల్లో 19 వార్డులకు 17 గెలిచి పంచాయతీని చేతిలోకి తీసుకున్నారు. 2020లో మొత్తం నాలుగు పంచాయతీలు వాళ్ళవయ్యాయి. అక్కడి వాళ్ళు నడిపిన సరుకుల దుకాణానికి ఒకసారి వెళ్ళాను. కార్డు ఉన్న స్థానికులకు బియ్యం, కూరగాయలు, గుడ్లు బయటి ధరలో సగానికి దగ్గరగా ఇస్తున్నారు. వరుసలో నిలబడ్డ ఒక పెద్దావిడ ఆ కార్డును రుమాలులో మడిచి జాకెట్టులో దాచుకోవడం నాకు ఇంకా గుర్తుంది.

కానీ 2021 అసెంబ్లీ ఎన్నికల్లో ఎనిమిది చోట్ల పోటీ చేస్తే ఒక్కటీ గెలవలేదు. ఆ వెంటనే రాష్ట్ర శాఖలు వరుసగా తనిఖీలు చేస్తున్నాయని ఆరోపించి 3,500 కోట్ల ప్రాజెక్టు నుంచి తప్పుకున్నారు. తెలంగాణ ప్రభుత్వం ఏకంగా విమానం పంపి పిలిపించుకుంది. వరంగల్ కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో కైటెక్స్ షెడ్లు కనిపిస్తాయే, వాటి కథ ఇదే. పంచాయతీ గెలిచినవాడు కూడా రాష్ట్రం దగ్గర ఓడిపోయాడన్నది గమనించండి.

గోదావరి_ఊరగాయ
కథ బాగుంది గానీ, నాకు అందులో భయపడవలసింది కూడా కనిపిస్తోంది. కాలుష్యం ఉందా లేదా అని తనిఖీ చేయవలసిన పంచాయతీని ఆ ఫ్యాక్టరీ యజమానే నడిపితే, వాసన వస్తోందని చెప్పడానికి పక్కింటావిడ ఎవరి దగ్గరికి వెళ్ళాలి? బియ్యం సగం ధరకు తీసుకుంటున్న ఆ పెద్దావిడ వెళ్ళగలదా? నేను కూడా యజమానినే, మా పచ్చళ్ళ యూనిట్‌లో పద్నాలుగు మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. అయినా ఈ దారి నాకు నచ్చలేదు.

నా సొంత సంగతి చెబుతాను. 2021లో ఆంధ్రలో చెత్త పన్ను పెట్టినప్పుడు, మా వీధిలో ఇళ్ళకు ఒక రేటు, దుకాణాలకు ఇంకొక రేటు వేశారు. మా యూనిట్‌లో వచ్చే చెత్త అంతా మామిడి టెంకలు, తొక్కలే. వాటిని పశువుల వాళ్ళు వచ్చి తీసుకుపోతారు, మున్సిపాలిటీ బండికి మేము వేసేది ఏమీ ఉండదు. ఈ విషయం చెప్పడానికి మా ఊరి వర్తక సంఘం సమావేశానికి వెళ్ళాను. గదిలో ముప్ఫై మంది మగవాళ్ళు, నేను ఒక్కదాన్ని. ‘అమ్మా, మీ వారిని పంపించండి’ అన్నారు. మావారు ఉపాధ్యాయుడు, ఆయనకు టెంకల లెక్క తెలియదు. చివరికి మా డ్వాక్రా సంఘం ఆడవాళ్ళం పాతిక మందిమి వార్డు కౌన్సిలరు ఇంటికి వెళ్ళాము. ఆయన పన్ను తీయలేదు, ఆయన చేతిలో లేదు కూడా. కానీ 2024 ఎన్నికలప్పుడు ఓటు అడగడానికి వచ్చిన రెండు పార్టీల వాళ్ళనూ గుమ్మం దగ్గరే నిలబెట్టి మొదట అడిగిన ప్రశ్న అదే. ఆ ఏడాది చివరికి ఆ పన్ను రద్దయింది. మా వల్లే అని చెప్పను. ప్రతి గుమ్మంలోనూ అదే ప్రశ్న ఎదురైతే ఏ పార్టీకైనా చెవికెక్కుతుంది.

తెనాలి_బట్టలకొట్టు
అమ్మా, ఆ సంఘం వాళ్ళ తరఫున నేను సిగ్గుపడుతున్నాను. మా సంఘంలోనూ అదే పరిస్థితి. ఒక్క తేడా, మా దగ్గర సమావేశమే జరగదు, భోజనాలే జరుగుతాయి.

రైస్‌మిల్లు_మిర్యాలగూడ
లెక్కలపుస్తకం గారిని ఒక సందేహం అడుగుతున్నాను. మా వాళ్ళు వచ్చేసారి నన్ను నిలబడమంటున్నారు. ప్రభుత్వ ధాన్యం మరపట్టి ఇచ్చే ఒప్పందం ఉన్నవాడు అసెంబ్లీకి పోటీ చేయవచ్చా? ఒకాయన వద్దంటాడు, ఇంకొకాయన పరవాలేదంటాడు.

లెక్కలపుస్తకం
ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 9ఏ సెక్షన్ చదవండి. ఆ ప్రభుత్వానికి సరుకు సరఫరా చేయడానికి గానీ, ఆ ప్రభుత్వం చేపట్టిన పనులు చేయడానికి గానీ మీ వ్యాపారంలో భాగంగా చేసుకున్న ఒప్పందం అమల్లో ఉంటే, అది ఉన్నంత కాలం అనర్హతే. మరపట్టడం ఈ రెండింటిలో దేని కిందికి వస్తుందన్నది మీ ఒప్పందం కాగితంలోని మాటలను బట్టి ఉంటుంది. నామినేషన్ వేసే ముందు న్యాయవాదికి చూపించండి, నా మాట మీద వేయకండి. ఇదే సెక్షన్‌కు ఒక వివరణ ఉంది, కాంట్రాక్టర్లందరికీ అది కంఠతా రావాలి. మీ వైపు పని మొత్తం పూర్తయి, ప్రభుత్వం డబ్బు ఇవ్వకపోవడం ఒక్కటే మిగిలి ఉంటే, ఆ ఒప్పందం అమల్లో ఉన్నట్టు లెక్కించరు.

రైస్‌మిల్లు_మిర్యాలగూడ
అంటే బిల్లులు రానివాడు నిలబడవచ్చన్నమాట. కానీ బిల్లులు రానివాడి దగ్గర నిలబడటానికి డబ్బు ఎక్కడ ఉంటుంది? చట్టం రాసినవాడికి హాస్యం తెలుసు.

మీటర్‌రీడింగ్_రిటైర్డ్
నేను విద్యుత్ పంపిణీ సంస్థలో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మౌల్డింగ్‌షెడ్ గారి మొదటి పోస్టులోనే అసలు విషయం ఉంది, దాన్ని ఎవరూ విడదీసి చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

ఆయన బిల్లులో మూడు రకాల భారాలు ఉంటాయి. యూనిట్ రేటు, డిమాండ్ చార్జీ వంటివి విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. ఇంధన, కొనుగోలు ఖర్చుల సర్దుబాటు పేరుతో తరువాత వేసేదానికి కూడా ఆ మండలి ముద్రే ఉంటుంది. 2022–23 ఖర్చుల కోసం 6,072 కోట్ల రూపాయల వసూలుకు 2024లో అనుమతి వచ్చింది అలాగే. విద్యుత్ సుంకం అలా కాదు, అది ప్రభుత్వం వేసే పన్ను. దాని గురించి మండలి ముందు మొత్తుకుంటే ‘మా పరిధిలో లేదు’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఆ రూపాయికి జవాబు చెప్పవలసింది ఎమ్మెల్యే, మంత్రివర్గం, అసెంబ్లీ. అందువల్ల రాజకీయాలకు దూరంగా ఉంటూ ఆ 94 పైసల గురించి పోరాడటం కుదరదు, దారి అటు నుంచే ఉంది.

మిగతా రెండింటికి బహిరంగ విచారణ ఉంది. పంపిణీ సంస్థలు ఏటా నవంబరు నెలాఖరుకు వచ్చే ఏడాది ఆదాయ అవసరాలు, రేట్ల ప్రతిపాదనలు మండలికి సమర్పిస్తాయి. పత్రికల్లో ప్రకటన వస్తుంది, అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ఒక విచారణలో ఏర్పాట్ల పని నాకు అప్పగించారు. రెండు వందల కుర్చీలు వేయించాను. మాట్లాడటానికి వచ్చినవాళ్ళలో రైతు సంఘాల నాయకులు, వామపక్షాల వాళ్ళు, స్టీలు ప్లాంట్ల తరఫున న్యాయవాదులు ఉన్నారు. ఎర్రకండువా పెద్దాయన ఒకరు, నెత్తిన అద్దాలు పెట్టుకుని, మా సంస్థ నివేదికలోని పేజీ నంబర్లతో సహా గంటసేపు కడిగేశారు. మా చీఫ్ ఇంజినీరు ఏసీ గదిలో చెమట తుడుచుకున్నారు. చిన్న పరిశ్రమల తరఫున ఒక్కరు వచ్చారు, భోజనం దాకా ఉండి వెళ్ళిపోయారు. ఆ పెద్దాయన చెప్పినవన్నీ టారిఫ్ ఉత్తర్వులో అభ్యంతరం, మా సమాధానం, మండలి అభిప్రాయం అని వరుసగా అచ్చయ్యాయి. మీరు ఒక్క కాగితం ఇచ్చినా అలాగే అచ్చవుతుంది. ఇవ్వకపోతే, ఆ ఉత్తర్వు చదివేవాడికి ఆటోనగర్ అనే ఊరు ఉన్నట్టే తెలియదు.

మౌల్డింగ్‌షెడ్_బెజవాడ
ఈ పోస్టు మూడు సార్లు చదివాను. ఇన్నేళ్ళూ తిట్టవలసినవాడిని తిట్టకుండా మీటరు రీడింగుకు వచ్చిన కుర్రాడిని తిట్టాను.

మీటర్‌రీడింగ్_రిటైర్డ్
ఆ కుర్రాళ్ళకు అది అలవాటే. నాకూ అలవాటే.

పనివాడు_786
మీటర్‌రీడింగ్ గారు చెప్పిన ఎర్రకండువా పెద్దాయన లాంటివాళ్ళు మా యూనియన్‌లోనూ ఉన్నారు. వాళ్ళకు ఫ్యాక్టరీ లేదు, మీటరు కూడా ఇంటి మీటరే. అయినా చదివి వస్తారు. యజమానులకు తీరిక లేదంటే నేను నమ్మను, ఇప్పుడు ఇక్కడ ఇంత పొడుగు రాయడానికి తీరిక ఉంది కదా. ఒకటి అడుగుతాను: మీరు ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళేటప్పుడు మమ్మల్ని కూడా తీసుకువెళ్తారా? షెడ్ మూతపడితే మొదట రోడ్డున పడేది మేమే.

జీడిమెట్ల_లేత్
2012లో మేము చేసిన తప్పు అదే. ధర్నాకు పనివాళ్ళను తీసుకువెళ్ళాం, మంత్రి గదిలోకి మాత్రం మేమే వెళ్ళాం.

తెనాలి_బట్టలకొట్టు
నా అభిప్రాయం మారలేదు, జెండా మాత్రం కట్టను. అయితే జెండాకూ అభ్యంతరపత్రానికీ తేడా ఉందని ఇవాళ ఒప్పుకుంటున్నాను. పత్రం మీద సంతకం చేస్తే ఏ వీధివాళ్ళు కొనడం మానేస్తారు? ఇంతకీ, నాది కమర్షియల్ మీటరు. రెండు ఏసీలు, నలభై ట్యూబులైట్లు. బట్టల కొట్టువాడు కూడా మండలికి రాయవచ్చా?

మీటర్‌రీడింగ్_రిటైర్డ్
ఎవరైనా రాయవచ్చు. ఒక ప్రతి పంపిణీ సంస్థకు, ఒక ప్రతి మండలి కార్యదర్శికి పంపాలి. ప్రకటనలో ఇచ్చిన గడువు తేదీ దాటకూడదు. స్వయంగా మాట్లాడతారా లేదా అన్నది కూడా అందులోనే రాయాలి. పత్రంలో కోపం వద్దు, లెక్కలు రాయండి. మీ ఏడాది యూనిట్లు, కట్టిన మొత్తం, సర్దుబాటు చార్జీకి ముందు సగటు, తరువాత సగటు.

గోదావరి_ఊరగాయ
మౌల్డింగ్‌షెడ్ గారూ, మీ రెండు బిల్లులనూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి, సర్వీసు నంబరు కనపడకుండా ఇక్కడ పెట్టండి. మా యూనిట్‌కూ అలాగే తీస్తాను. సుంకం గడిని ఎమ్మెల్యేకు, మిగతా గడులను మండలికి పంపుదాం. ఎమ్మెల్యే దగ్గరికి మాత్రం మా ఆడవాళ్ళం కూడా వస్తాము, మా వారిని పంపించము.

మౌల్డింగ్‌షెడ్_బెజవాడ
రేపు పొద్దున షెడ్ తెరవగానే పెడతాను. మా ఏడుగురిలో పెద్దవాడు, మెషిన్ ఆపరేటరు, తానూ వస్తానన్నాడు. బిల్లు చూపిస్తే ఆ గడి మీద వేలు పెట్టి, ‘ఇదేనా సార్, మా బోనస్?’ అని అడిగాడు.